కంప్రెసర్ రూమ్ పైలట్

ఈసారి పాశమైలారం కంపెనీ వాళ్ళు పంపిన వైద్యపరీక్షల జాబితాలో ఆయన పేరు మీద గీత కొట్టి ఉంది. ఉద్యోగం మానేశాడనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, కాస్త సంతోషించాను కూడా. ఇక ఆ మనిషి ముఖం చూడక్కర్లేదు కదా అని. అయినా మనసు ఊరుకోక సేఫ్టీ ఆఫీసరుకు ఫోన్ చేసి, ఈయన ఎక్కడికి మారాడండీ అని అడిగాను.

"యాడికి మారలె మేడం. రోడ్డు మీద యాక్సిడెంట్ల పోయిండు. రెండు నెలలాయె," అన్నాడు. ఆ వెంటనే, "మీ వ్యాను పొద్దుగాల ఏడింటికల్లా గేటు కాడ ఉండాలె, జెర యాదుంచుకోండ్రి," అని పెట్టేశాడు.

నా పని చెవులు పరీక్షించడం. సంగారెడ్డిలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో చాలా ఏళ్ళుగా ఇదే పని. ఫ్యాక్టరీల వాళ్ళు ఏడాదికోసారి కార్మికులకు వైద్యపరీక్షలు చేయించాలి కాబట్టి మా వ్యాను జిన్నారం, పాశమైలారం, పటాన్‌చెరు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. రక్తం ఒకరు చూస్తారు, ఊపిరి ఒకరు, కళ్ళు ఒకరు, చెవులు నేను. వ్యాను వెనక భాగంలో అద్దం కిటికీ పెట్టిన చిన్న గది ఉంటుంది, బీరువా కంటే కాస్త పెద్దది. మనిషి అందులో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు. నేను బయటి నుంచి సన్నటి కూతలు వినిపిస్తాను. వినబడినప్పుడల్లా ఆయన చేతిలోని బటన్ నొక్కాలి. అంతే పరీక్ష.

ఆయన పేరు రాయను. రాసినా ఆ కంపెనీలో సగం మందికి తెలియదు. అందరికీ ఆయన పైలట్ సాబ్. ఎగతాళికి పెట్టిన పేరే గానీ అబద్ధం మాత్రం కాదు. జిన్నారం దగ్గర రైతు కుటుంబం. ఫ్యాక్టరీలకు పొలం పోయినప్పుడు ఒక అన్న టిప్పరు కొన్నాడట, ఇంకో అన్న మేడ కట్టాడట, ఈయన విమానం నడపడం నేర్చుకున్నాడట. నేర్చుకున్నంత మేరకు వచ్చింది ప్రైవేట్ పైలట్ లైసెన్సు. అంటే సొంత సరదాకు రెండు సీట్ల బుల్లి విమానం నడుపుకోవచ్చు, జీతానికి నడపకూడదు. జీతానికి ఆయన మందుల కంపెనీలో కంప్రెసర్లు నడిపేవాడు. అవి తిరిగే గదిలో పక్కన నిలబడ్డవాడు అరిచినా పెదాల కదలిక తప్ప ఏమీ తెలియదు.

మొదటిసారి మా వ్యాను ఎక్కినప్పుడు ఆ చిన్న గదిని పైనుంచి కిందికి చూసి, "దీంట్లకు గాలి యాడికెళ్ళి వస్తది మేడం?" అని అడిగాడు. అన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నాకూ తెలియదు. వెళ్ళి కూర్చోగానే ఆయన రెండు చేతులూ నడుము దగ్గర దేనికోసమో వెతికాయి. సీటు బెల్టు కోసం. సిగ్గుపడి నవ్వి, "అలవాటు మేడం," అన్నాడు.

వెనక వరసలో ఎవడో అరిచాడు, "పైలట్ సాబ్, చంద్రుని మీదికి షేర్ ఆటో ఎప్పుడు కదుల్తది?"

ఆయన కోపగించుకోలేదు. గదిలోంచి తల బయటికి పెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాడు. "చంద్రుని మీదికి గాదు రా భయ్. అంతరిక్షం మొదలయ్యే కాడికే. నూరు కిలోమీటర్లు. ఈడికెళ్ళి బీదర్ పోయినంత. నిలువుగ పోవాలె, గంతే తేడా."

నాకు కలలు కనేవాళ్ళంటే మొదటి నుంచీ విసుగు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనికొచ్చి, ఒకే బల్ల దగ్గర రిటైరయ్యాడు. మా ఇంట్లో ఆకాశం గురించి మాట్లాడితే వడియాలు ఎండబెట్టొచ్చా లేదా అన్నంత వరకే. అందుకే ఆ రోజు, "అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళు వేరే ఉంటారు లెండి, బటన్ పట్టుకోండి," అన్నాను కాస్త కటువుగా.

"నేను ఆస్ట్రోనాట్ను గాదు మేడం," అన్నాడు. "డ్రైవర్ను. ఫారిన్ల ప్రైవేటు కంపెనీలు టూరిస్టులను పైకి తీస్కపోతున్నయి. పైసలున్నోళ్ళు పోతరు. మరి నడిపెటోడు గావాలె గద?"

ఆ నడిపేవాడికి ఏమేం కావాలో ఆయనకు కంఠతా వచ్చు. ముందు జీతానికి నడపగలిగే కమర్షియల్ లైసెన్సు. దాని మీద, కిటికీలోంచి ఏమీ కనబడకపోయినా మీటర్ల ముళ్ళు చూసి నడపగలడన్న అర్హత. ఈ రెండింటికీ ముందు డాక్టర్ల బోర్డు ఇచ్చే ఫిట్‌నెస్. "గంతే మేడం. మిగిలింది వాళ్ళే నేర్పుతరు," అనేవాడు. ఆ గంతే అన్న మాట ఆయన నోట ఎంత తేలిగ్గా వచ్చేదంటే, వింటున్నవాళ్ళకు కూడా ఒక నిమిషం పాటు అంతే కదా అనిపించేది.

ఆయన ఒక్కడే అయితే పిచ్చి అనుకోవచ్చు. అలాంటివాళ్ళు ఏడుగురున్నారు, ఒక వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. కూకట్‌పల్లిలో పళ్ళ డాక్టరొకాయన, సదాశివపేటలో బట్టల దుకాణం ఆయన, విత్తనాల డీలరు ఇంకొకాయన. అందరూ ప్రైవేట్ పైలట్లే. పొద్దున్నే ఎవరో రాకెట్ వీడియో పెడతారు, సాయంత్రం దాకా మనలో ఎవరికి అర్హత ఉందని వాదించుకుంటారు. ఒక ఏడాది ఫోన్లో ఫోటో చూపించాడు. చిన్న విమానం రెక్క పక్కన ఏడుగురు, అందరూ పొట్టలు లోపలికి పీల్చుకుని నిలబడ్డారు. ఈయనకు ఒక్కడికే పొట్ట లేదు, అయినా పీల్చుకున్నాడు.

ఆయన విద్యలన్నీ ఇలాగే ఉండేవి. మోటార్ సైకిల్ స్టార్ట్ చేసే ముందు పెట్రోలు, బ్రేకు, స్టాండు, అద్దం అని పైకి చెప్పుకుంటూ ఒక్కొక్కదాన్ని వేలితో తాకేవాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ నాలుగు మాటలూ ఆయనతో పాటే చెప్పేవాడు. సంగారెడ్డిలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు గిరగిరా తిప్పే తొట్టెల్లో వరసగా ఆరుసార్లు కూర్చుని, దిగగానే మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకున్నాడట. ఏడోసారికి ఆ తొట్టెల యజమానే భయపడి, ఇగ చాలు పో అన్నాట్ట.

అన్నిటికంటే చిత్రమైంది, ఎవరేం చెప్పినా దాన్ని తిరిగి వాళ్ళకే అప్పజెప్పడం. టీ కొట్టువాడు పది నిమిషాలాగమంటే, "పది నిమిషాలు ఆగాలె. కరెక్టా?" అనేవాడు. సూపర్‌వైజరు రెండో మిషన్ ఆపమంటే, "రెండో మిషన్ ఆపాలె. కరెక్టా?" అనేవాడు. వాళ్ళు కరెక్టే అన్నాకే కదిలేవాడు. ఇదేం అలవాటని ఒకసారి నేనే అడిగాను.

"విమానంల గట్లనే చేస్తరు మేడం. కింద టవరోడు ఏదన్న చెప్తే పైలటు మళ్ళ చెప్పాలె. తప్పుంటే చెప్పినోడే దిద్దాలె. దిద్దలేదంటే అదే నిజమన్నట్టు. ప్రాణాలన్నీ దాని మీదనే ఉంటయి," అన్నాడు.

అందరం దాన్ని పైలట్ వేషాల కింద జమకట్టాం. చెవి సరిగ్గా వినబడనివాడు కూడా సరిగ్గా ఇలాగే తిరిగి అడుగుతాడని, చెవులతోనే బతికే నాకు తట్టలేదు.

ఇప్పుడు మా పని గురించి ఒక సంగతి చెప్పాలి, ఇది చెప్పకుండా ఆయన బొమ్మ పూర్తి కాదు. చెవి పరీక్ష నిశ్శబ్దంలో చెయ్యాలి. రాత్రంతా మోత వినని చెవికి చెయ్యాలి. మా వ్యానేమో జనరేటరు పక్కన ఆగుతుంది, మనుషులు షిఫ్టు దిగి నేరుగా వరసలో నిలబడతారు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఆపైన మా దగ్గరికి వచ్చే ప్రతివాడూ లోపలికి రాగానే అనే మాట ఒకటే, "మేడం, నార్మల్ రాయండ్రి." కాంట్రాక్టు మీద ఉన్నవాడి కాగితం మీద ఇంకో మాట రాస్తే మర్నాడు వాడికి గేటు తెరుచుకోదు. మొదట్లో ఒక ఒడిశా అతను నా కాళ్ళ మీద పడబోతే రాశాను. తర్వాత ఎవరూ అడగకుండానే రాశాను. పేజీ మొదట్లో ఒక నార్మల్ రాసి, కిందికంతా డిట్టో గుర్తులు పెట్టుకుంటూ పోవడమే. అందరం అదే చేస్తాం. అది దయ అని కూడా అనుకునేవాళ్ళం.

ఆ వరసలో నార్మల్ రాయమని అడగని మనిషి ఆయనొక్కడే. "ఉన్నదే రాయండ్రి మేడం, నాకు అసలుది గావాలె," అనేవాడు. మొదటి ఏడు ఆయన చెవులు నిజంగానే బాగున్నాయి. రెండో ఏడు సన్నటి పైస్వరాల దగ్గర గ్రాఫు గీత కొంచెం కిందికి వంగింది. షిఫ్టు దిగి వచ్చాడు కదా, అలసట అనుకున్నాను. మూడో ఏడు అలసట అనుకోవడానికి లేదు. గీత గుంటలో పడినట్టు పడింది, రెండు చెవులకీ.

సేఫ్టీ ఆఫీసరు నా భుజం మీదుగా చూసి గొంతు తగ్గించాడు. "పర్మనెంట్ మనిషి మేడం. గిది గిట్లనే రాస్తే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి కంప్రెసర్ రూమ్ సంగతి అడుగుతడు. వచ్చే ఏడు క్యాంపు మీ సెంటర్‌కే ఇయ్యాలె గద. నార్మల్ కొట్టుండ్రి."

నార్మల్ కొట్టాను. పైలట్ సాబ్ హెడ్‌ఫోన్లు తీసి, వాటి వైరు చక్కగా చుట్టి, బల్ల మీద పెట్టాడు.

"ఎట్లున్నయి మేడం? ఎందుకంటే స్టోర్స్ల ఒక పోస్టు ఖాళీ ఉంది, పోతవా అని అడుగుతున్నరు. ఆడ సప్పుడుండది. గని కంప్రెసర్లల్ల అయితే షిఫ్టులు మార్చుకోని ఫ్లయింగ్‌కు పోవచ్చు, గంటలు పెరుగుతయి. చెవులు మంచిగుంటే ఈడనే ఉంట. మీరేమంటరు?"

వెనక ఇంకా నలభై మంది ఉన్నారు. ఆఫీసరు పక్కనే ఉన్నాడు. "బాగున్నాయండీ," అన్నాను.

"కుడి చెవి నార్మల్. ఎడమ చెవి నార్మల్. కరెక్టా మేడం?"

"కరెక్ట్."

ఆయన స్టోర్స్‌కు వెళ్ళలేదు. నాలుగో ఏడు కూడా అదే గదిలోంచి వచ్చి, అదే మాట అడిగి, అదే జవాబు తీసుకుని వెళ్ళాడు. ఆ సరికి గీత ఎక్కడుందో నేను చూడను కూడా చూడలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం సంగారెడ్డిలో మా సెంటరుకే వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన ఫ్లయింగ్ గంటలు పూర్తయ్యాయట. డాక్టర్ల బోర్డుకు వెళితే చెవుల దగ్గర అన్‌ఫిట్ అన్నారట.

"వాళ్ళ మిషన్ల ఏదో గడబిడ ఉంది మేడం," అని ఫైలు తెరిచి నా ముందు నాలుగు కాగితాలు పరిచాడు. నాలుగేళ్ళ నా నార్మల్స్. నాలుగింటికీ లామినేషన్ చేయించాడు. "అప్పీలు పెట్టుకుంటున్న. ఇవి జత చేస్త. మీరు ఒక్క లెటర్ రాసిస్తే చాలు, వాళ్ళు మళ్ళ చూస్తరు."

లెటర్ కంటే ముందు పరీక్ష చేద్దామన్నాను. సెంటర్లో మంచి గది ఉంది, తలుపు వేస్తే వీధి వినబడదు. ఆ రోజు ఆయనకు డ్యూటీ లేదు, చెవులు విశ్రాంతిగా ఉన్నాయి. అన్నేళ్ళలో ఆయనకు నేను సరిగ్గా చేసిన పరీక్ష అదొక్కటే.

ఆయన కళ్ళు మూసుకుని, బటన్ మీద బొటనవేలు ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కింది స్వరాలకు వేలు ఠక్కున కదిలింది. పైస్వరాలకు వచ్చాను. వేలు కదల్లేదు. పెంచాను. ఇంకా పెంచాను. నేను బయట హెడ్‌ఫోన్ లేకుండా ఊహించుకున్నా చెవులు మూసుకోవాలనిపించేంత పెంచాను. ఆయన కళ్ళు తెరిచి అద్దంలోంచి నా వైపు చూసి, ఇగ తర్వాతిది పెట్టుండ్రి అన్నట్టు తల ఊపాడు. కూత అప్పటికి మోగుతూనే ఉంది.

బయటికి వచ్చాక నేనే చెప్పాను. బోర్డు వాళ్ళ మిషన్ మంచిదే అని. మోతకు చెవి లోపలి కణాలు చచ్చిపోతాయని, పోయినవి మళ్ళీ రావని.

"మందులు?"

"లేవండీ."

"ఆపరేషన్?"

"దీనికి లేదు."

ఆయన ఆ నాలుగు కాగితాల మీది తేదీలను ఒక్కొక్కటీ వేలితో తాకాడు. తర్వాత, ఏ కోపమూ లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. "నాలుగేండ్లు మంచిగున్నయి గద మేడం. ఈ కొన్ని నెలలల్లనే పోయినయా?"

చెప్పాల్సిన చోటు అదే. అంతకంటే పెద్ద సందు దేవుడు కూడా ఇవ్వడు. నా ఉద్యోగం గుర్తొచ్చింది, సెంటరు గుర్తొచ్చింది, ఆ లామినేషన్ కాగితాల మీద నా సంతకం తళతళలాడుతూ కనబడింది. నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఒక్కోసారి అలా జరుగుతుందండీ. మోత దగ్గర చెవుల్లో ప్లగ్గులు సరిగ్గా పెట్టుకోకపోతే తొందరగానే పోతుంది."

ఆయన ఆలోచించాడు. తనలో తప్పు వెతుక్కుంటున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఎదురుగా కూర్చుని చూశాను.

"నిజమే మేడం. ఎండకాలం చెవులల్ల చెమట పట్టి దురద పెడితే ఒకటి తీసిన. ఒకపారి బేరింగ్ సప్పుడు ఎట్లుందో విందామని రెండు తీసిన. గట్ల ఎన్నిసార్లు తీసిన్నో," అన్నాడు. కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఫైల్లో పెట్టాడు. "కుడి చెవి పోయింది. ఎడమ చెవి పోయింది. ప్లగ్గులు పెట్టుకోక పోయింది. కరెక్టా మేడం?"

నేను కరెక్ట్ అన్నాను.

ఆ తర్వాతి క్యాంపుకు నేను సెలవు పెట్టాను. ఈ ఏడు జాబితా వచ్చి, ఆ గీత చూసి, ఫోన్లో ఆ మాట విన్నాక రెండు రోజులు మామూలుగానే పనికి వెళ్ళాను. మూడో రోజు జిన్నారం బస్సెక్కాను.

ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. పైలట్ ఇల్లు అంటే ఊళ్ళో ఎవరైనా చెబుతారు. ఆయన భార్య ఒక మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుందట, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. నేనెవరో చెప్పగానే ఆమె ముఖం విప్పారింది.

"చెవుల మేడమా? కూసోండ్రి. మా ఆయన మీ ముచ్చట చాన చెప్తుండె. అందరు గుడ్డిగ రాస్తరు, ఆ మేడం ఒక్కతే అసలుది చెప్తదని."

కుర్చీలో కూర్చున్నాను గానీ ఎలా కూర్చున్నానో తెలియదు. ఆమె టీ పెట్టి తెచ్చింది. అడగకుండానే చెప్పుకుపోయింది. సెంటర్ నుంచి వచ్చిన రోజు నుంచి ఆయన ప్లగ్గులు తియ్యలేదట. డ్యూటీలోనే కాదు, ఇంట్లో, అన్నం తినేటప్పుడు, బస్సులో, బజార్లో. ఫోనొస్తే తీసి మాట్లాడి మళ్ళీ పెట్టుకునేవాడట.

"ఏందీ పిచ్చి అని లొల్లి వెట్టుకున్న మేడం. నా తప్పుతోని సగం పోగొట్టుకున్న, ఉన్నదన్న కాపాడుకోవాలె అంటుండె. రేపు రూల్సు మారుతయంట, గప్పుడు గీ మిగిలిందే పనికొస్తదంట. ఇస్నాపూర్ చౌరస్తల హారన్లు ఎక్కువ, ఇంకింత పాడైతయని ఆడ గట్టిగ నొక్కి పెట్టుకుంటుండె. ఆడనే రోడ్డు దాటుతుంటె ట్యాంకర్ గుద్దింది. హారన్ మస్తు కొట్టిండంట. రోడ్డు మీదున్నోళ్ళందరు విన్నరంట."

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కవరు తెచ్చి చూపించింది. ఫోను, బండి తాళం, దారంతో కట్టిన నారింజ రంగు ప్లగ్గులు. అవి కంపెనీ వాళ్ళిచ్చే రకమే.

అప్పుడు చెప్పాను. చెప్పడానికి ధైర్యం వచ్చి కాదు, ఆ ఇంట్లో ఇంకో నిమిషం మంచిదాన్నిగా కూర్చోలేక చెప్పాను. ఆయన చెవులు రెండో ఏడు నుంచే పోతూ వచ్చాయని, మూడో ఏడు గీత నా కళ్ళతో చూసి కూడా నార్మల్ అని రాశానని, స్టోర్స్‌కు మారి ఉంటే బోర్డులో నెగ్గేవాడేమోనని. ప్లగ్గులు ఒకటీ అరా తీసినందుకు పోలేదని.

ఆమె కవరు మడత పెడుతూ విన్నది.

"అయితే మా ఆయన తప్పు గాదా మేడం?"

"కాదమ్మా."

"ఏడాదికెక్కువే తప్పు నాదే, తప్పు నాదే అనుకుంటనే తిరిగిండు. అన్నం ముందల గూడ గదే మాట." కవరును ఒళ్ళో పెట్టుకుంది. "మరి గీ ముచ్చట ఆయనకెందుకు చెప్పలె?"

నేను ఆ కవరు వైపు చూశాను. ఆమె లేచింది. నా చేతిలో టీ ఇంకా సగం ఉంది. ఆ గ్లాసు మెల్లిగా నా వేళ్ళలోంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. వచ్చి తిడుతుందని కూర్చున్నాను. తిడితే బాగుండునని కూర్చున్నాను. లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు మొదలైంది. ఎంతసేపటికీ ఆగలేదు, ఆమె రాలేదు. చెప్పులు వేసుకుని బస్సు కోసం నడిచాను.